వాక్కునకు నడవడియే బలము

వక్తృత్వపు పోటీలకు సిద్ధపడు మా విద్యార్థులకు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి చరిత్రము చెప్పగోరుచున్నాము. 1862లో బందరునందు జన్మించిన వీరు, ఆ పట్టణమందే నోబిల్ కళాశాలలో ఆంగ్లము బోధించిరి. ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు వీరి శిష్యులు.

నాడు శ్రీమంతుల వేడుకలలో భోగముమేళము పెట్టించుట గొప్పగా నెంచబడెను. నాయుడుగారు దానిని ఖండించుచు ఉపన్యసించుటయేకాక, మేళమున్న విందునకు తాము వెళ్ళుట మానిరి. అంటరానితనము తగదని పలికి, కాకినాడలో కళాశాలాధ్యక్షులై యున్నపుడు (1904-1919) ఆ బాలురకు వసతిగృహము నెలకొల్పిరి. 1925లో మదరాసు విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరైరి; 1939లో కాలధర్మము నొందిరి.

బాలబాలికలారా! వాదమును క్రమముగ పేర్చుకొనుడు. ప్రతి మాటను స్పష్టముగ పలుకుడు. అయినను మీరు ఆచరింపని దానిని సభలో బోధింపకుడు. వినువారు మీ మాటకుముందు మీ నడవడిని తూచెదరు.