గుండె రక్తానికి దారి చూపిన హకీమ్ ఇబ్నె నఫీస్

గుండె నొప్పితో ఆస్పత్రికి వెళ్తే యాంజియోగ్రామ్ తీస్తారు. బ్లాక్ ఉంటే స్టెంట్ వేస్తారు, లేదంటే బైపాస్ చేస్తారు. ఈ వైద్యం అంతా ఒక్క సంగతి మీద నిలబడింది. గుండె లోపల ఎంత రక్తం ఉన్నా, గుండె కండకు పోషణ అందేది ఆ కండలో పాకిన సన్నని నాళాల నుంచే. ఈ మాటను ఏడున్నర శతాబ్దాలకు ముందే రాసిపెట్టిన వైద్యుడు ఇబ్నె నఫీస్. అప్పటికి ఆయన వయసు ముప్పై లోపే.

అసలు పేరు అలావుద్దీన్ అలీ. 1213 ప్రాంతంలో డమాస్కస్ దగ్గర పుట్టారు. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ కట్టించిన నూరీ దవాఖానాలో, పేరుమోసిన ఉస్తాద్ అద్దఖ్వార్ దగ్గర వైద్యం నేర్చుకున్నారు. తర్వాత కైరో వెళ్లి జీవితమంతా అక్కడే గడిపారు.

ఆ రోజుల్లో వైద్యం చదివేవాళ్లకు ఇబ్నె సీనా రాసిన అల్ ఖానూన్ పెద్ద దిక్కు. దాని వెనుక గ్రీకు వైద్యుడు గాలెన్ ఉన్నాడు. గుండె కుడి గదికీ ఎడమ గదికీ మధ్య ఉన్న గోడలో కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయని, వాటి గుండానే రక్తం ఇవతలి నుంచి అవతలికి పోతుందని గాలెన్ చెప్పాడు. వెయ్యేళ్లకు పైగా అందరూ అదే నమ్మారు. అంత పెద్ద పేరున్నవాళ్లు చెప్పాక మళ్లీ చూసేదేముంది అనుకున్నారు.

ఇబ్నె నఫీస్ మళ్లీ చూశారు. 1242లో అల్ ఖానూన్‌లోని శరీర నిర్మాణం భాగానికి వ్యాఖ్యానం రాస్తూ, ఆ గోడ దళసరిగా ఉందని, అందులో కనబడే రంధ్రమూ లేదు, కనబడనిదీ లేదని తేల్చేశారు. మరి రక్తం ఎటు పోతుంది? కుడి గది నుంచి నాళం ద్వారా ఊపిరితిత్తులకు వెళ్తుంది, అక్కడ గాలితో కలిసి శుభ్రపడుతుంది, ఇంకో నాళం ద్వారా ఎడమ గదికి చేరుతుంది అని వివరించారు. ఊపిరితిత్తుల్లో ఈ రెండు నాళాల మధ్య సన్నని దారులు ఉండి తీరాలని కూడా రాశారు. ఆ దారులను ఇటలీకి చెందిన మాల్పీగీ మైక్రోస్కోప్‌తో చూసింది 1661లో.

గుండె పోషణ విషయంలోనూ ఆయన ఇబ్నె సీనాతో ఏకీభవించలేదు. కుడి గదిలోని రక్తమే గుండెను పోషిస్తుందన్న మాట సరికాదని రాశారు. గుండెకు గదులు మూడన్నదీ తప్పేనని, ఉన్నవి రెండేనని చెప్పారు. అలాగని ఉస్తాదులను చులకన చేయలేదు. ఇబ్నె సీనా పుస్తకం మీద ఆయనకున్న గౌరవం అలాగే ఉంది. గౌరవం వేరు, లెక్క సరిచూడడం వేరు.

అన్నీ ఆయనకు తెలిసిపోలేదు. రక్తం ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకే వస్తుందన్న పూర్తి లెక్కను ఇంగ్లండ్ వైద్యుడు హార్వే 1628లో ఇచ్చారు. ఇబ్నె నఫీస్ తేల్చింది అందులో ఊపిరితిత్తుల దారి. అదే పెద్ద ముడి.

కైరోలో ఆయన వైద్యులకు పెద్దగా, సుల్తాన్ బైబర్స్‌కు సొంత హకీమ్‌గా పనిచేశారు. మరోవైపు మదరసాలో షాఫయీ ఫిఖహ్ పాఠాలు చెప్పేవారు. ఒకసారి హమామ్‌లో స్నానం మధ్యలో బయటికొచ్చి, కలం కాగితం తెప్పించుకుని, నాడి గురించి ఒక రిసాలా రాసి, మళ్లీ వెళ్లి స్నానం పూర్తి చేశారని చరిత్రకారులు చెబుతారు. అష్షామిల్ పేరుతో 300 సంపుటాల వైద్య గ్రంథం తలపెట్టి, 80 పూర్తి చేశారు.

ఆఖరి జబ్బులో తోటి వైద్యులు మందుగా కాస్త షరాబు తీసుకోమన్నారట. ఒంట్లో షరాబుతో అల్లాహ్ ముందుకు వెళ్లనని ఆయన ఒప్పుకోలేదు. 1288 డిసెంబర్‌లో, హిజ్రీ 687 జిల్ఖద నెలలో వఫాత్ అయ్యారు. తన ఇల్లు, కితాబులు అన్నీ కైరోలోని మన్సూరీ దవాఖానాకు రాసిచ్చారు.

బాధ కలిగించేది ఆ తర్వాతి సంగతి. అల్ ఖానూన్‌కు ఆయన రాసిన సంక్షిప్త రూపం, అల్ మూజజ్, మన దేశంలోని యునానీ చదువులో తరతరాలుగా నడిచింది. కానీ అందులో శరీర నిర్మాణం భాగం లేదు. అసలు విషయం ఉన్న వ్యాఖ్యానాన్ని పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. చివరికి 1924లో, జర్మనీలో వైద్యం చదువుతున్న ఈజిప్టు యువకుడు ముహ్యుద్దీన్ తతావీ బెర్లిన్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతిని చదివి, తన థీసిస్‌లో పెట్టాకే లోకానికి తెలిసింది.

ఇబ్నె నఫీస్ మనవాడని చెప్పుకోవడం తేలికే. ఆయన పుస్తకం ఆరున్నర శతాబ్దాలకు పైగా భద్రంగానే ఉంది, తెరిచి చదివేవాళ్లే లేకపోయారు. పిల్లలకు ఆయన పేరు చెప్పేటప్పుడు, ఆయన చేసిన పని కూడా చెప్పాలి. ఎంత పెద్దవాళ్లు రాసిందైనా చదివి, సరిచూసి, తేడా ఉంటే అదబ్‌తో చెప్పడమే ఆ పని.