డాక్టరు పాల్ బ్రాండుగారి జీవితము

గడచిన సంవత్సరము పదవ తరగతివారిని, పెద్దవారైన పిమ్మట ఏ వృత్తి నవలంబింప గోరుదురో ఒక వ్యాసము వ్రాయుడని కోరితిని. నలుగురు తాము ప్లాస్టిక్ సర్జనులు కాగోరుచున్నట్లు వ్రాసిరి. నలుగురును చూపిన కారణ మొక్కటియే: ఆ వృత్తియందు రాబడి మెండు. ఇందు వింత యేమియు లేదు. హైటెక్ సిటీ మొదలు గచ్చిబౌలి వరకు పోవు మార్గమున ముక్కు చక్కదిద్దుటకును, తలవెండ్రుకలు నాటుటకును, ముడుతలు మాన్పుటకును ఆహ్వానించు పలకలు బాలుర కన్నుల బడుచునే యుండును. వారి కోరికను నేను తప్పుపట్టను. అయితే ఆ వృత్తియందలి ఆర్జనను దేనితో కొలువవలెనో తెలిసికొనుట మంచిది. అందులకై ఒక వైద్యుని జీవితము నిచ్చట సంగ్రహముగా చెప్పదలచితిని.

ముందుగా ఆ విద్యను గూర్చి రెండు మాటలు. ప్లాస్టిక్ అనగా మనము బజారున కొను బిందెలకును సంచులకును సంబంధించినది కాదు. మలచుట యను అర్థముగల గ్రీకు పదమునుండి ఈ పేరు వచ్చినది. కాలిన చర్మమునకు మారుగా క్రొత్తచర్మ మతుకుట, గ్రహణపు మొఱ్ఱితో పుట్టిన శిశువు పెదవి కలుపుట, యంత్రములో తెగిన వ్రేళ్లను తిరిగి కూర్చుట మొదలగునవన్నియు ఈ విద్యలోనివే. మన దేశమున ఇది నేర్వగోరువాడు ఎం.బి.బి.ఎస్. ఐదున్నర యేండ్లు, ఎం.ఎస్. మూడేండ్లు, పిదప ఎం.సిహెచ్. మూడేండ్లు చదువవలెను. అనగా ఇంటరు ముగిసిన తరువాత పదునొకండున్నర యేండ్లు గడచినగాని సంపూర్ణముగా ఆ వృత్తిలో ప్రవేశింపజాలడు. ఇంత శ్రమపడి నేర్చిన విద్యను ఎవరికై వినియోగింపవలెనను ప్రశ్న సహజముగా కలుగును. డాక్టరు పాల్ బ్రాండుగారు ఆ ప్రశ్నకు తమ జీవితముతోనే సమాధానము చెప్పిరి.

తమిళదేశమునందు, నేటి నామక్కల్ జిల్లాలో కొల్లికొండలు గలవు. 1914వ సంవత్సరము జూలై 17వ తేదీన ఆ కొండలమీద పాల్ జన్మించెను. తండ్రి జెస్సీ బ్రాండు, తల్లి ఎవెలిన్. ఇరువురును ఇంగ్లండునుండి వచ్చిన మిషనరీలు. కొండవాసులకు మందులిచ్చుట, చదువు చెప్పుట, ఇండ్లు కట్టుట నేర్పుట వారి నిత్యకృత్యము. ఒకనాడు ముగ్గురు కుష్ఠురోగులు కొండ యెక్కి వారి యింటికి వచ్చిరి. ఎట్టి పుండునైనను వట్టిచేతులతో కడుగు తండ్రి ఆనాడు చేతులకు తొడుగులు వేసికొని వారి పాదములు కడిగి కట్టుకట్టెను. పిల్లలను దరికి రావలదనెను. వారు కూర్చున్న చోటును ముట్టవలదనెను. తండ్రి కన్నులలో తాను మున్నెన్నడు చూడని భయము బాలుడు ఆనాడు చూచెను. జనులు పేరు పలుకుటకు సైతము జంకి పెద్దరోగమని చెప్పు ఆ వ్యాధియే తన జీవితకార్యము కాగలదని అతనికేమి తెలియును?

తొమ్మిదవ యేట పాల్ చదువు నిమిత్తము ఇంగ్లండునకు పంపబడెను. 1929లో తండ్రి జ్వరపీడితుడై ఆ కొండలమీదనే మరణించెను. కుమారునకు ఆయనను మరల చూచు భాగ్యము లభింపలేదు. తల్లిమాత్రము తొంబదియైదవ యేట 1974లో మరణించువరకు కొండప్రజలకై పాటుపడెను.

బడిచదువు ముగియగానే పాల్ గృహనిర్మాణపు పనిలో చేరి, వడ్రంగమును తాపీపనిని కొన్ని సంవత్సరములు నేర్చెను. వైద్యవిద్య చదువుమని బంధువులు చెప్పగా, చీమును రక్తమును చూడజాలనని నిరాకరించెను. కాని పిమ్మట లండనునందలి ఒక ఆసుపత్రిలో కొద్దికాలము శిక్షణ పొందుచుండగా, ప్రాణము పోయినట్లు తెల్లబడి పడియున్న ఒక యువతికి పరుల రక్త మెక్కించుటయు, ఆమె చెక్కిళ్లకు క్రమక్రమముగా ఎఱుపు వచ్చుటయు కన్నులార చూచెను. ఆనాటితో ఆయన మనస్సు మారెను. లండనునందు వైద్యము చదివి, రెండవ ప్రపంచయుద్ధకాలమున బాంబులచే గాయపడినవారికి చికిత్సచేయుచు శస్త్రవిద్యలో నిపుణులైరి. 1943లో సహాధ్యాయిని మార్గరెట్ బెఱ్ఱీగారిని వివాహమాడిరి. ఉలియు సుత్తియు పట్టి గడపిన సంవత్సరములు వ్యర్థమైనవని అప్పుడందరును తలచియుందురు. అవి యెట్లు ఉపకరించినవో ముందు చూతము.

1946లో బ్రాండుగారు మన చిత్తూరునకు చేరువనున్న వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిరి. అచ్చట కుష్ఠువైద్యమున ప్రవీణులైన డాక్టరు రాబర్టు కాక్రేనుగారు ఆయనను చెంగల్పట్టు కుష్ఠుశాలకు తీసికొనిపోయిరి. ఎటు చూచినను వ్రేళ్లు లోనికి ముడుచుకొని గోళ్లవలె వంగిన చేతులు. ఇన్నివేలమంది చేతులను ఏ శస్త్రవైద్యుడైనను పరీక్షించెనా యని బ్రాండుగారు అడిగిరి. ఎవరును లేరని తెలిసెను. ఆయన ఒక రోగి వంకరచేతిలో తమ చేయి పెట్టి గట్టిగా పిండుమనిరి. రోగి పిండగా బాధ నోర్వలేక కేక వేయవలసివచ్చెను. నొచ్చిన చేతితోపాటు ఆయనకు గొప్ప సంతోషము కలిగెను. ఏలయన, చచ్చినదని లోకము విడిచిపెట్టిన ఆ చేతిలో బలమైన కండరములు సజీవములై యున్నవి!

అటుపిమ్మట ఆయన తోటివైద్యులతో కలిసి రోగుల చేతులను ఒక్కొక్కటిగా పరీక్షించి, వ్యాధి కొన్ని నరములను మాత్రమే చెఱచుననియు, ముంజేతియందలి పెక్కు కండరములు చెడకుండుననియు గ్రహించిరి. కండరమును ఎముకకు బంధించు త్రాటివంటి స్నాయువును ఒకచోటినుండి విడదీసి, పొడిగించి, పనిచేయని వ్రేళ్లకు కలిపినచో అవి మరల తెఱచుకొనగలవని ఊహించిరి. ఇట్టి మార్పులు పోలియో రోగులకు అదివఱకే చేయబడుచుండెను. కుష్ఠురోగి శరీరము కోసిన మానదను భయముచేత వారికి మాత్ర మెవరును చేయలేదు. సామాన్యమైన ఆసుపత్రులలో వారికి మంచమిచ్చుటయే కష్టము. అయినను బ్రాండుగారు సాహసించిరి. గాయములు అందరివలెనే మానెను. శస్త్రము ముగిసిన పిదప రోగి తన మెదడునకు క్రొత్తపాఠము నేర్పవలెను. నిన్నటివఱకు ఒక వ్రేలిని కదపిన స్నాయువు నేడు మఱియొక వ్రేలిని కదపవలసియుండును గదా! నెలలతరబడి సాధనచేసి, రోగులు అన్నము కలిపికొని నోటికి పెట్టుకొనగలిగిరి.

అయితే బాగైన చేతులు మరల చెడుట చూచి ఆయన చింతించిరి. ఒకనాడు త్రుప్పుపట్టిన తాళమును తీయజాలక ఆయన పెనగులాడుచుండగా, ఒక చిన్నరోగి వచ్చి తాళపుచెవిని ఒక్క త్రిప్పున త్రిప్పెను. చూడగా బాలుని వ్రేలు ఎముక కనబడునట్లు తెగి రక్తము కారుచున్నది. వానికి ఏమియు తెలియదు. మఱికొందఱి వ్రేళ్లు రాత్రి గడచి తెల్లవారునప్పటికి కొంతభాగము మాయమగుచుండెను. కాపుండి చూడగా, నిద్రించు రోగుల స్పర్శలేని వ్రేళ్లను ఎలుకలు కొఱుకుచున్నవని తేలెను. నాటినుండి రోగులు పిల్లులను పెంచుట నియమమయ్యెను. వ్రేళ్లు రోగముచేతనే రాలిపోవునని లోకము తరతరములుగా నమ్మినది తప్పనియు, నొప్పి తెలియకపోవుటచే కలుగు గాయములే మూలకారణమనియు బ్రాండుగారు నిరూపించిరి. కాళ్లపుండ్లు రాకుండుటకు మెత్తని రబ్బరు చెప్పులు చేయించిరి. మార్గరెట్‌గారు ఱెప్పవేయజాలని రోగుల కన్నులను కాపాడు పనిని చేపట్టిరి.

ఇచ్చట ఒక విచిత్రమైన చిక్కు వచ్చెను. చేతులు బాగుపడి యింటికి పోయినవాడొకడు కొంతకాలమునకు తిరిగివచ్చి, ఈ చేతులు బిచ్చమునకు పనికిరాకున్నవని మొఱపెట్టెను. వంకరచేతులు చూచి కాసు వేసినవారు చక్కని చేతులు చూచి వేయరు. పనిచేసి బ్రతుకుదమన్న, పెద్దరోగము వచ్చినవానికి పని యిచ్చువా రెవరు? మేలుచేయబోయి వాని కూడు తీసితిమా యని బ్రాండుగారి మనస్సు కలగెను. వృద్ధురాలగు ఒక మిషనరీ తాను కూడబెట్టిన ధనము నీయగా, ఆ సహాయముతో కళాశాల ఆవరణములోనే నవజీవన కేంద్రమను చిన్న పల్లెను కట్టిరి. అచ్చట రోగులకు వడ్రంగము నేర్పబడెను. నేర్పినవారు స్వయముగా బ్రాండుగారే! స్పర్శలేని చేతికి గాయము తగులకుండ ఉలి పిడి యెట్లుండవలెనో, ఱంపమును ఎట్లు పట్టవలెనో చెప్పుటకు వడ్రంగియు వైద్యుడును ఒక్కడేయైనవాడు కావలసివచ్చెను. వారు చేసిన కొయ్యబొమ్మలు వారికి కూలి తెచ్చెను.

అయినను ముఖముమీద రోగపు గుర్తులున్నంతకాలము ఊరివారు చేరనీయరు. కూలిన ముక్కును, రాలిన కనుబొమలను సరిచేయుట తప్పనిసరియయ్యెను. ముక్కు తిరిగి చేయుట మన దేశమునకు క్రొత్తగాదు. పూనా ప్రాంతమున నుదుటి చర్మముతో ముక్కు అమర్చిన ఒక స్వదేశవైద్యుని నేర్పును గూర్చి 1794లో లండను పత్రిక ప్రకటింపగా, దానిని చూచియే పాశ్చాత్యులు ఆ విద్యను చేపట్టిరి. ఇరువదవ శతాబ్దమున సర్ హెరాల్డు గిల్లీసుగారు లోపలివైపున చర్మమతికి కూలిన ముక్కును నిలుపు పద్ధతిని కనిపెట్టిరి. వెల్లూరులో అట్టి పద్ధతులే కుష్ఠురోగుల కుపకరించెను. వెండ్రుకలుగల తలచర్మపు తునకను తెచ్చి కనుబొమలుగా అతికిరి. అవి తలవెండ్రుకలవలె పొడుగుగా పెరుగగా, ఎన్నో యేండ్లు బోసినొసలితో తిరిగిన కొందఱు వాటిని కత్తిరింప నొల్లక గర్వముగా పెంచుకొనిరట! ధనవంతులకు అలంకారమగు శస్త్రము ఆ బీదలకు బ్రతుకుదెరువయ్యెను.

ఈ పని అపాయము లేనిది కాదని ఆకాలమున అందఱి తలంపు. అమెరికా యాత్రనుండి తిరిగివచ్చుచు లండనులో ఒక రాత్రి బ్రాండుగారు మేజోడు తీయునప్పుడు మడమయందు స్పర్శ లేకుండుట గమనించిరి. సూదితో పొడుచుకొనిరి, నొప్పిలేదు. లోతుగా పొడిచిరి, రక్తము వచ్చెనుగాని నొప్పి రాలేదు. తమకు ఆ వ్యాధి సోకెననుకొని, భార్యాబిడ్డలను విడిచి యుండవలెనా, తమ్ము చూచి తోటివైద్యులు ఈ సేవకు వెనుదీయుదురా యని తెల్లవారువఱకు కుమిలిరి. ఉదయమున మరల పొడుచుకొనగా నొప్పిచే కేకవేసిరి. దీర్ఘమైన రైలు ప్రయాణమున నరము ఒత్తుకొనుటచే కాలు తిమ్మిరెక్కినదిగాని వేరుకాదు! ఆనాటినుండి నొప్పిని దేవుడు మానవునకిచ్చిన వరముగా ఎంచి ఆయన కృతజ్ఞులైరి.

ఆయన కీర్తి దేశదేశముల వ్యాపించెను. 1952లో లండనునందు హంటేరియన్ ఆచార్యపదవియు, 1960లో లాస్కర్ బహుమానమును, 1961లో సి.బి.ఇ. బిరుదమును లభించెను. 1966లో అమెరికాయందలి కార్విల్ కుష్ఠువైద్యశాలకు పోయి దాదాపు ఇరువది యేండ్లు పనిచేసిరి. పాదములయందు స్పర్శపోయిన మధుమేహరోగులకును వెల్లూరులో నేర్చిన పాఠములే ఉపయోగపడునని అచ్చట చూపిరి. 2003వ సంవత్సరము జూలై 8వ తేదీన సియాటిల్ నగరమున ఆయన తనువు చాలించిరి.

ఇక ఆర్జన మాట. పైని చెప్పిన గిల్లీసుగారు రెండు యుద్ధముల నడుమ ఏటేట సుమారు 30,000 పౌనులు ఆర్జించిరని అంచనా. 1960లో మరణించునాటికి ఆయన మిగిల్చినది 21,161 పౌనులు మాత్రమే. యుద్ధమున ముఖము చెదరిన వేలమంది సైనికులు నలుగురిలో తలయెత్తి నడచుట అంతకుమించి ఆయన మిగిల్చిన ఆస్తి. బ్రాండుగారికి అట్టి రాబడియు లేదు. బిచ్చమెత్తువాడు ఫీజు ఏమి చెల్లింపగలడు? తాము పనిచేసిన చోట ధనము చేకూరలేదనియు, ఒకప్పుడు రోగులై తరువాత మిత్రులైనవారివలన కలిగిన సంతోషము ఏ ధనమువలనను కలుగదనియు వృద్ధాప్యమున ఆయన చెప్పుచుండెడివారు.

విద్యార్థులారా! 1998లో మన హైటెక్ సిటీయందు సైబర్ టవర్స్ భవనము తెఱవబడినది. అంతకు నలువదియేండ్లు ముందే, 1958లో, అచ్చటికి కొలది మైళ్లలోనున్న కూకట్‌పల్లియందు రాణీ కుముదినీదేవిగారు కుష్ఠురోగులకై శివానంద పునరావాస గృహమును స్థాపించిరి. నేడు ఆ వ్యాధికి మంచి మందులు ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చుచున్నారు. కాలయాపన చేయక వాడినచో చేతులు వంకరపోవు. అయినను ఆలస్యముచేసినవారు, కాలినవారు, యంత్రములలో వ్రేళ్లు పోగొట్టుకొన్న కూలివారు మన నగరమున నేటికిని కలరు.

కావున మీలో ఎవరైనను ప్లాస్టిక్ సర్జనులైనచో తగిన ప్రతిఫలము పుచ్చుకొనుడు, అది న్యాయమే. అయితే సంవత్సరాంతమున లెక్క చూచుకొనునప్పుడు మీ చేతికి వచ్చిన సొమ్ముతోపాటు, మీరు బాగుచేసిన చేతులు ఎన్ని తమ కూడు తాము సంపాదించుకొనుచున్నవో గూడ లెక్కింపుడు. వ్యాసము వ్రాసిన ఆ నలుగురిలో ఒక్కడైనను ఈ రెండవ లెక్కను మఱవకుండిన, అది నా ఆర్జనయని సంతోషింతును.