పశువుల కాపరి ఇల్లాలి బొట్టు

వైశాఖంలో ఆరాధనకని ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా బ్రహ్మంగారి మఠానికి బయల్దేరితే, నాకు కాలజ్ఞానం కన్నా ముందు ఆవులే గుర్తొస్తాయి. జమ్మలమడుగులో మా అవ్వ చెప్పిన కథ అలాంటిది మరి!

పోతులూరి వీరబ్రహ్మంగారు చిన్న వయసులోనే ఇల్లు వదిలి బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమ్మగారింట్లో పశువుల కాపరిగా కుదిరారు. రవ్వలకొండ దగ్గర ఆవుల చుట్టూ కర్రతో గీత గీస్తే అవి దాటేవి కావట. ఆయనేమో గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసుకునేవారట. సంగతి తెలిసిన అచ్చమ్మ తన జీతగాడికే శిష్యురాలైంది.

తర్వాత మన జిల్లాలోని కందిమల్లాయపల్లె చేరి, వడ్రంగం చేసుకుంటూ, గోవిందమ్మను పెళ్లాడి పిల్లాపాపలతో సంసారం చేశారు. దూదేకుల సిద్దయ్యను కూడా ఇంటిబిడ్డలాగే చూసుకున్నారు. సంసారం వదిలితేనే జ్ఞానమని ఆయన అనుకోలేదు.

1693లో సజీవ సమాధిలోకి వెళ్లారంటారు. వెళ్లేముందు, తనకు చావు లేదనీ, పసుపు కుంకుమలు తీసేయొద్దనీ గోవిందమ్మకు చెప్పారని కథ.

పులివెందులలో మా మేనత్త భర్త పోయినప్పుడు బొట్టు తుడవడానికి నలుగురూ చేరారు. అవ్వ అడ్డం నిలబడి ఈ కథే చెప్పింది. ఆయన దేవుడు, ఆయనతో మనకు పోలికేమిటని కొందరు గొణిగారు. అవ్వ కదల్లేదు. అత్త బొట్టు చివరిదాకా అలాగే ఉంది.

మఠం నుంచి ప్రతిసారీ అత్తకు కుంకుమ పొట్లం తెచ్చేదాన్ని. ఇప్పుడు అత్త లేదు. పొట్లం మాత్రం తెస్తూనే ఉన్నాను. మా వీధిలో ఎవరికివ్వాలో నాకు తెలుసు.