హకీం అల్ రాజీ: అనుభవాన్ని తూకం వేసిన వైద్యుడు

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మందు కంటే ముందు కబుర్లు వస్తాయి. ఫలానా వారికి పసరు పోస్తే కామెర్లు తగ్గాయట, ఫలానా పిల్లవాణ్ణి కుక్క కరిస్తే ఆకుమందు మింగించారట, ఏమీ కాలేదట! ఈ మాటలు చెప్పేవారు మనవాళ్ళే, మన మేలు కోరేవాళ్ళే. వారు అబద్ధమాడుతున్నారని అనలేము. అయితే ఒకరిద్దరి అనుభవాన్ని, పదిమందిలో పరీక్షించి తేల్చిన వైద్యంతో సమానంగా నమ్మవచ్చునా? ఈ ప్రశ్నతో సుమారు పదకొండు వందల ఏళ్ళ క్రితమే కుస్తీ పట్టిన ఒక మహా వైద్యుని జీవిత విశేషాలను సభ్యులకూ, వారి కుటుంబాలకూ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయన పూర్తి పేరు అబూ బకర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ. హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో, ఇరాన్ దేశంలోని రై పట్టణంలో జన్మించారు. నేటి టెహరాన్ నగరాన్ని ఆనుకొని ఉన్నదే ఆ ఊరు. రై వారు కనుక రాజీ అయ్యారు. ఐరోపా వారు ఆయన పేరును రేజెస్‌గా మార్చి పలికారు. చిన్నతనంలో సంగీతం మీద, ఆ తర్వాత రసవాదం మీద ఆయనకు మక్కువ ఉండేదంటారు. వైద్యంలోకి మాత్రం కాస్త వయసు మీరాకే వచ్చారు. ఆలస్యంగా వచ్చినా చదువులో అందరినీ దాటిపోయారు. మొదట సొంత ఊరి దవాఖానాకు, తర్వాత బాగ్దాదులోని ఆసుపత్రికి పెద్ద వైద్యులుగా పనిచేశారు. రై పాలకుడైన మన్సూర్ బిన్ ఇస్‌హాఖ్ పేరిట ఆయన రాసిన అల్ మన్సూరీ అనే గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి, ఐరోపా విశ్వవిద్యాలయాల్లో కొన్ని వందల ఏళ్ళు పాఠ్యపుస్తకంగా నిలిచింది.

ఆయన పాఠం చెప్పే పద్ధతిని పదవ శతాబ్దికి చెందిన ఇబ్న్ అల్ నదీమ్ రాసి ఉంచాడు. రాజీ చుట్టూ శిష్యులు వరుసలుగా కూర్చునేవారు. రోగి వస్తే ముందు బయటి వరుసవారు చూడాలి. వారికి తెలియకపోతే లోపలి వరుసవారు. ఎవరికీ అంతు చిక్కకపోతే అప్పుడు గురువుగారు నోరు విప్పేవారు. బీదసాదలంటే ఆయనకు ఎంతో దయ. వైద్యం చేయడంతోపాటు వారి తిండీతిప్పలు కూడా కనుక్కునేవారట.

రాజీ గారికి ఒక మంచి అలవాటు ఉండేది. చదివినదీ, విన్నదీ, కళ్ళారా చూసినదీ అంతా రాసిపెట్టుకునేవారు. ఒక్కొక్క జబ్బు గురించి గ్రీకు వైద్యులేమన్నారు, భారతీయ వైద్యులేమన్నారు అని వరుసగా రాసి, చివర తన సొంత అనుభవాన్ని చేర్చేవారు. తన మాట దగ్గర, ఇది నాది అనే అర్థంలో, అరబ్బీలో 'లీ' అని చిన్న గుర్తు పెట్టేవారు. ఎవరి మాట ఎవరిదో కలగాపులగం కాకూడదని ఆయన పట్టుదల. ఆయన పోయిన తర్వాత ఇబ్న్ అల్ అమీద్ అనే వజీరు ఆ కాగితాలను రాజీ సోదరి వద్ద నుంచి సంపాదించి, శిష్యులచేత గ్రంథంగా కూర్పించాడు. అదే ప్రసిద్ధమైన కితాబ్ అల్ హావీ. 1279లో సిసిలీ రాజు చార్లెస్ కోసం దీనిని లాటిన్‌లోకి అనువదించారు. మూల అరబ్బీ గ్రంథాన్ని 1955 నుంచి 23 సంపుటాలుగా అచ్చువేసిన ఘనత మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థకు దక్కింది. ఇది తెలుగునాట ఉన్న మనమందరం గర్వించదగిన విషయం.

ఇక అసలు సంగతికి వద్దాం. జనం చెప్పుకునే వింత మందుల గురించి, వస్తువుల గుణాల గురించి రాజీ ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. అందులో ఆయన తీసుకున్న వైఖరి గమనించదగినది. కారణం తెలియదు కాబట్టి అబద్ధమని కొట్టిపారేయకూడదన్నారు. సూదంటురాయి ఇనుమును ఎందుకు లాగుతుందో ఆనాడు ఎవరికీ తెలియదు, అయినా లాగడం నిజమే కదా! అలాగని విన్నదల్లా నమ్మడమూ తగదన్నారు. విన్నది రాసి ఉంచుకోవాలి, పరీక్షకు నిలిచిన తర్వాతనే ఒప్పుకోవాలి. అంటే పక్కింటివారి కబురు దర్యాప్తుకు దారి చూపవచ్చు గాని, తీర్పు చెప్పలేదన్నమాట.

తన అనుభవాన్ని కూడా ఆయన అంత గట్టిగానే నిలదీశారు. ఒక రోగికి జ్వరం ఒక క్రమం లేకుండా వచ్చి పోతూ ఉండేది. అది విడిచి విడిచి వచ్చే జ్వరమా, మూత్రపిండంలో పుండా అని రాజీ గారు తేల్చుకోలేకపోయారు. కొన్నాళ్ళకు మూత్రంలో చీము పడటంతో నిజం బయటపడింది. లేచి నిలబడినప్పుడు నడుము దగ్గర బరువుగా ఉంటున్నదా అని రోగిని అడగడం తాను మరిచానని ఆయన దాచకుండా రాసుకున్నారు. గెలిచిన కేసులు చెప్పుకునేవారు ఎందరో ఉంటారు. పొరపాటును కాగితం మీద పెట్టేవారు ఎంతమంది?

ఆయన చేసిన మరో పని వైద్య చరిత్రలో నిలిచిపోయింది. సిర్సామ్ అనే మెదడు జబ్బు రాబోయే సూచనలు కనబడితే నెత్తురు తీయడం ఆనాటి చికిత్స. అది నిజంగా పనిచేస్తుందా? రాజీ ఒక జట్టు రోగులకు నెత్తురు తీశారు. మరొక జట్టును కావాలనే అలా వదిలిపెట్టారు. తీయనివారికి జబ్బు ముదిరిందనీ, తీసినవారు బయటపడ్డారనీ రాశారు. మందు వాడినవారిని మాత్రమే చూస్తే చాలదు, వాడనివారిని కూడా పక్కన పెట్టి చూడాలి అన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే ఆయన తీర్పు ఈనాడు నిలవలేదు. నెత్తురు తీయడం మెదడు పొరల వాపుకు మందు కాదని ఇప్పుడు మనకు తెలుసు. తప్పు ఎక్కడ జరిగింది? ఏ రోగి ఏ జట్టులోకి వెళ్ళాలో వైద్యుడే నిర్ణయిస్తే, తనకు తెలియకుండానే బాగుపడే వారిని ఒకవైపు చేర్చవచ్చు. కొద్దిమందిలో కాకతాళీయంగా కూడా ఫలితం మారవచ్చు. ఇంతటి హకీం గారి స్వానుభవానికే ఈ లోటు ఉంటే, మన వీధి కబురు సంగతి చెప్పాలా? పారిస్‌లో లూయీ అనే వైద్యుడు 1835లో అచ్చువేసిన గ్రంథంలో, న్యుమోనియా రోగుల లెక్కలు తీసి, నెత్తురు తీయడం వల్ల అనుకున్నంత మేలు లేదని చూపించాడు. 1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ మందును 107 మంది క్షయ రోగుల్లో పరీక్షించినప్పుడు, జట్ల ఎంపికను వైద్యుల ఇష్టానికి వదలక చీటీల పద్ధతి వంటి దానితో చేశారు. ఆరు నెలల్లో మందు పొందిన 55 మందిలో నలుగురు, పొందని 52 మందిలో 14 మంది చనిపోయారు. రాజీ నాటిన విత్తనం అలా చెట్టయిందని చెప్పవచ్చు.

పెద్దల మాటకు సైతం ఆయన ఇదే కొలత పెట్టారు. గ్రీకు వైద్యుడు గాలెన్‌ను గురువుగా గౌరవిస్తూనే, ఆయన చెప్పిన తీరున నడవని జ్వరాలను తన ఆసుపత్రుల్లో ఎన్నో చూశానని సందేహాల గ్రంథం ఒకటి రాశారు. మశూచికీ, తట్టుకూ తేడా వివరిస్తూ ఆయన రాసిన చిన్న పుస్తకం మరీ ప్రసిద్ధం. వెన్నునొప్పి మశూచిలో ఎక్కువ, వికారం, ఆందోళన తట్టులో ఎక్కువ అని రోగులను చూసి గుర్తించారు. ఆ మశూచి మన దేశంలో 1975లో ఆగిపోయింది. ప్రపంచమంతటా లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. ఆ విజయం టీకాతో, ఇంటింటి గాలింపుతో వచ్చింది గాని, తాయెత్తులతో రాలేదు.

రాజీ గారి మీద కూడా కథలు అల్లుకున్నాయి. బాగ్దాదులో ఆసుపత్రికి చోటు వెతకడానికి ఊరంతా మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్ళిందో అక్కడ కట్టమన్నారని ఒక ముచ్చట. వినడానికి ఎంతో బాగుంది! కానీ ఆ కథలో చెప్పే అదుదీ ఆసుపత్రి వెలిసింది 982 ప్రాంతంలో. రాజీ కన్నుమూసింది 925లో. వైద్యుల చరిత్ర రాసిన ఇబ్న్ అబీ ఉసైబియా 13వ శతాబ్దంలోనే ఈ తేడాను గుర్తించాడు. మనకు ఇష్టమైన వారి గురించిన కథ అయినా సరే, తేదీలతో సరిచూడటమే ఆయనకు నిజమైన గౌరవం.

చివరి రోజుల్లో రాజీ గారికి చూపు పోయింది. హిజ్రీ 313లో సొంత ఊరు రైలోనే పరమపదించారు. తర్వాతి శతాబ్దపు మహాపండితుడు అల్ బీరూనీ ఆయన గ్రంథాల జాబితా రాస్తే 184 పేర్లు తేలాయి.

ఈ జీవితం నుంచి మన ఇళ్ళకు అందే పాఠం ఒకటుంది. కామెర్లలో ఒక రకం చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకు వస్తుంది. మిగతా రకాల్లో కొన్ని కాలేయాన్ని తినేస్తాయి. కనుక రక్తపరీక్ష చేయించాలి. కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు, అందుకే ఆకుమందు గెలిచినట్లు కనిపిస్తుంది. కానీ రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. బతికినవారు కథ చెబుతారు, పోయినవారు చెప్పలేరు కదా! కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలు పెట్టించండి. పెద్దవాళ్ళు చెప్పిన చిట్కాను గౌరవంగా వినండి, కావాలంటే రాసిపెట్టుకొని డాక్టరుకు చెప్పండి. బిడ్డ ప్రాణాన్ని మాత్రం దాని మీద పందెం కాయకండి.