యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలకు, మెదడుకు శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్, ఎటిపి అనే పదార్థాలపై పరిశోధనలు చేశాడు. ఫోలిక్ ఆమ్లం, హెట్రజాన్, ఆరియోమైసిన్ వంటి ఔషధాల వెనుక ఉన్న పరిశోధనకు నాయకత్వం వహించాడు.

బాల్యం, విద్య

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడై మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా లభించింది. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. ఆ తరువాత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ఆర్థిక సహాయంతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు.

హార్వర్డు పరిశోధనలు

హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. ద్రావణంలోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసిన తరువాత క్షయకరణం చెందితే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. ఈ పద్ధతిని వివరించిన వ్యాసం 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వెలువడింది. ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలు దీనిని అనుసరించడంతో, జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉటంకింపబడిన వ్యాసాలలో ఇది ఒకటయింది.

కండర రసాన్ని ఈ పద్ధతితో పరీక్షించినపుడు రంగు ఆలస్యంగా ఏర్పడుతున్నట్లు గమనించారు. సులభంగా విడిపోయే భాస్వర సమ్మేళనమే ఇందుకు కారణమని తేల్చి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులు కూడా దీనిని కనుగొన్నారు. 1929లో ఎటిపిని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరం స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. లభించింది. ఆయనకు హార్వర్డులో శాశ్వత పదవి మాత్రం దక్కలేదు. ఆయన కనుగొన్న విషయాలు కొన్నింటిని ఫిస్క్ వెలుగులోకి రానివ్వలేదని, వాటిని ఇతరులు ఏళ్ళ తరువాత తిరిగి కనుగొనవలసి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జి హిచింగ్స్ తరువాత పేర్కొన్నాడు.

లెడర్లీలో

1940లో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, తరువాత పరిశోధన విభాగం డైరెక్టరయ్యాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకు కూడా ఇది ఉపకరించింది. ఆ వ్యాసంలో ఆయన పేరు పొడవైన రచయితల పట్టిక మధ్యలో కనిపిస్తుంది.

ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో ల్యుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో తాత్కాలికంగా మెరుగుదల కనిపించింది. 1948లో వెలువడిన ఈ వ్యాస రచయితలలో సుబ్బారావు లేడు. ఆయన విభాగంలో జరిగిన ఆరియోమైసిన్ పరిశోధన కూడా 1948లో బెంజమిన్ డగ్గర్ పేరుతోనే వెలువడింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ 1947లో వచ్చింది. తెలుగు ప్రాంతాలలో బోదకాలు నివారణకు ప్రభుత్వం పంచిన డిఇసి మాత్రలు ఈ మందే.

మరణం, గుర్తింపు

సుబ్బారావు 1948 ఆగష్టులో న్యూయార్కులో గుండెపోటుతో నిద్రలోనే మరణించాడు. ఆయన పేరు మీద ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ స్మారక స్టాంపు విడుదల చేసింది.

ప్రచురణలను మాత్రమే లెక్కిస్తే ఆయన కృషిలో కొంత భాగమే కనిపిస్తుంది. భాస్వరం కొలిచే పద్ధతికి ఉటంకింపులు విరివిగా లభించాయి. ఎటిపి పాఠ్యపుస్తకాలలో సాధారణ విషయమైపోగా, దానిని ప్రస్తావించేవారు మూల వ్యాసాన్ని ఉటంకించడం అరుదయింది. ఔషధాల విషయంలో ఆయన నాయకత్వం ఇతరుల పేర్ల వెనుక ఉండిపోయింది.