చార్మినార్ గుమ్మంలో ఒక్క అక్షరం.. మహబూబ్ అలీ పాషా రూపాయి విలువ తేల్చేది అదే!

పాతబస్తీ ఇళ్లలో పాత పెట్టెలు సర్దుతుంటే ఒక్కోసారి చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి బయటపడుతుంది. నానమ్మ దాచిందనో, పెళ్లిలో పెట్టారనో చెబుతారు. దొరకగానే చాలామంది చేసే పనులు రెండే. ఒకటి, చింతపండుతో తళతళలాడేలా తోమడం. రెండు, ఫోన్ తీసి రేటెంతో వెతకడం. మొదటి పనితో నాణెం విలువ పోతుంది. రెండో పనితో కొన్నిసార్లు బ్యాంకులో ఉన్న డబ్బు కూడా పోతుంది.

ఇంతకీ ఆ రూపాయికి అంత కథ ఎందుకు? తెలియాలంటే దాన్ని కొట్టించిన మనిషి గురించి తెలుసుకోవాలి. ఆయనే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. పాతబస్తీ వాళ్లకు మాత్రం మహబూబ్ అలీ పాషా.

రెండున్నరేళ్లకే గద్దె

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టు 17న పురానీ హవేలీలో పుట్టారు. 1869 ఫిబ్రవరిలో తండ్రి అఫ్జలుద్దౌలా చనిపోయారు. అప్పటికి బాబుకు రెండున్నరేళ్లు. మాటలు కూడా సరిగా రాని వయసులో నిజాం అయిపోయారు. రాజ్యాన్ని దివాన్ మొదటి సాలార్ జంగ్, షంసుల్ ఉమ్రా కలిసి నడిపించారు. సికింద్రాబాద్‌ను వాడీతో కలిపిన రైలు మార్గం 1874లో మొదలైంది కూడా ఆ రోజుల్లోనే.

సాలార్ జంగ్ 1883లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరి 5న వైస్రాయ్ లార్డ్ రిపన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి, మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పటికి ఆయనకు 17 ఏళ్లు. అధికారం వచ్చింది కానీ పక్కనే బ్రిటిష్ రెసిడెంట్ ఉన్నాడు. ప్రతి పెద్ద నిర్ణయం మీదా ఆ కన్ను ఉండేది. అలాంటి పరిస్థితిలోనూ నిజాం చేతిలో మిగిలిన హక్కుల్లో ఒకటి సొంత నాణెం.

గౌలిపుర పక్కనే టంకశాల

గౌలిపుర నుంచి నాలుగడుగులు వేస్తే సుల్తాన్ షాహీ. నిజాం టంకశాల మొదట ఉన్నది అక్కడే. మూడో నిజాం సికందర్ జా కాలంలో, 1803లో దాన్ని పెట్టారు. అంటే మనం ఈరోజు బైక్ పార్క్ చేసుకునే గల్లీల్లోనే ఒకప్పుడు రాజ్యానికి కావాల్సిన డబ్బు తయారయ్యేది.

అప్పట్లో అంతా చేతి పనే. వెండి బిళ్లను కింద అచ్చు మీద పెట్టి, పైన ఇంకో అచ్చు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టేవారు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే సగం అక్షరాలు పడేవి, సగం పోయేవి. ఒక నాణెంలా ఇంకో నాణెం ఉండేది కాదు. అంచులు గీకి వెండి కొట్టేసినా వెంటనే తెలిసేది కాదు. నకిలీ చేసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనే ఇది మారింది. నాణేల తయారీకి యంత్రాలు తెప్పించారు. 1903 జులై 13న టంకశాల సైఫాబాద్‌కు మారింది. ఆ తర్వాత వచ్చిందే చార్మినార్ రూపాయి. గుండ్రంగా, ఒకే బరువుతో, అంచులతో సహా ఒకేలా ఉండే నాణెం. మధ్యలో చార్మినార్, చుట్టూ నిజాం బిరుదులు. వెనక వైపు ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అని ఊరి పేరు, పాలన మొదలై ఎన్నో ఏడాదో ఆ అంకె.

విశేషం ఏంటంటే రాజు ముఖం లేదు. చార్మినార్ గుమ్మంలో ఒకే ఒక్క అక్షరం ఉంటుంది. అది మీమ్, అంటే ఉర్దూ మ. మహబూబ్‌లో మొదటి అక్షరం.

వెండి లెక్క ఇదీ..

ఈ రూపాయి బరువు 11.178 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం. అంటే అసలు వెండి సుమారు 9.14 గ్రాములు. అదే కాలపు బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు. వెండి దాదాపు 91.7 శాతం. అంటే సుమారు 10.69 గ్రాములు. అందుకే 7 హాలీ రూపాయలు ఇస్తే 6 బ్రిటిష్ రూపాయలు అనే లెక్క నిలబడింది. రెండింటి వెండిని భాగిస్తే దాదాపు ఆ నిష్పత్తే వస్తుంది. అప్పట్లో నాణెం విలువ అంటే అందులో ఉన్న వెండే.

నమ్మకం పోయిన వజ్రం

ఒక వస్తువు విలువ ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న మహబూబ్ అలీ ఖాన్ జీవితంలో పెద్ద గొడవే తెచ్చింది. 1891లో సిమ్లా వ్యాపారి అలెగ్జాండర్ జాకబ్ ఆయనకు ఓ భారీ వజ్రం అమ్మడానికి బేరం పెట్టాడు. కొంత డబ్బు ముందే చేతులు మారింది. తర్వాత నిజాం వద్దన్నారు. వ్యవహారం కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. కేసులో జాకబ్ బయటపడ్డాడు కానీ వ్యాపారం దెబ్బతింది. వజ్రం చివరికి నిజాం దగ్గరే ఉండిపోయింది. ఆయన పోయాక అది పాత చెప్పు ముక్కులో కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందని చెబుతారు. 1995లో కేంద్రం నిజాం నగలను 218 కోట్లకు కొన్నప్పుడు ఆ జాకబ్ వజ్రం కూడా అందులో ఉంది.

చూశారా.. వస్తువు అదే. ఒకరి చేతిలో గొడవ, ఇంకొకరి చేతిలో చెప్పులో చుట్టిన రాయి, తర్వాత దేశ సంపద.

జనం గుర్తుపెట్టుకున్న రాజు

వేసిన బట్టలు మళ్లీ వేయడని, వేటంటే ప్రాణమని ఆయనకు పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల అల్మారా ఇప్పటికీ చూడొచ్చు. కానీ పాతబస్తీ ఆయన్ని గుర్తుపెట్టుకుంది బట్టల కోసం కాదు. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే నయమవుతుందని జనం నమ్మేవారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు వేల మంది చనిపోయారు. నిజాం తన ప్యాలెస్‌లను బాధితులకు తెరిపించారు. నది ఒడ్డుకు వచ్చి హారతిచ్చి మూసీని శాంతించమని వేడుకున్నారనే కథ ఇప్పటికీ ప్రతి బోనాలకూ వినిపిస్తుంది. లాల్ దర్వాజ సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలను ఆ వరదతోనే ముడిపెట్టి చెబుతారు. గౌలిపుర వాళ్లకు ఈ కథ కొత్త కాదు.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో ఆయన చనిపోయారు. వయసు 45. సమాధి మక్కా మసీదు ఆవరణలో ఉంది.

గుమ్మంలో అక్షరం మారింది

రాజు మారగానే నాణెం మీద గుమ్మంలోని అక్షరం కూడా మారింది. ఉస్మాన్ పేరులోని ఐన్ అక్షరం వచ్చింది. అది హిజ్రీ 1329. మొదట్లో ఆ ఐన్‌ను సగమే చెక్కారు, తర్వాత పూర్తిగా చెక్కారు. చూసేవాళ్లకు అన్నీ ఒకటే చార్మినార్ రూపాయిలు. తెలిసిన వాళ్లకు మాత్రం ఇవి వేర్వేరు నాణేలు, వేర్వేరు రేట్లు.

గ్రేడింగ్ అంటే ఏంటి?

ఇక్కడే గ్రేడింగ్ పాత్ర మొదలవుతుంది. 1949లో అమెరికాలో విలియం షెల్డన్ పాత నాణేలకు 1 నుంచి 70 వరకు మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు మొదలయ్యాయి. నాణెం అసలుదా కాదా, ఎంత అరిగింది, గీతలున్నాయా, ఎవరైనా తోమారా అని చూసి, మార్కు వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఇస్తారు. 60 నుంచి పైన అంటే చేతులు మారని నాణెం. తోమినట్టు తెలిస్తే చాలాసార్లు అసలు మార్కే ఇవ్వరు. వివరం మాత్రం రాసి పంపిస్తారు. అంకె ఒక్కటి పెరిగినా రేటు చాలా పెరగొచ్చు. ఎందుకంటే ఆ స్థితిలో మిగిలిన నాణేలు కొన్నే ఉంటాయి.

ఇక్కడో సంగతి ఆలోచించాలి. వరద రోజుల్లో బియ్యం కొన్న రూపాయి, కూలీ చేతిలో పడిన రూపాయి, పది బజార్లు తిరిగిన రూపాయి అరిగిపోయాయి. వాటికి తక్కువ మార్కు. ఎవరి పెట్టెలోనో ఒక్క రోజు కూడా ఖర్చు కాకుండా కూర్చున్న రూపాయికి ఎక్కువ మార్కు. జనంలో తిరిగిన రాజు నాణేల్లో, జనంలో తిరగనిదే ఖరీదైనది!

మీ దగ్గర ఉంటే ఇవి గుర్తుంచుకోండి

తోమొద్దు. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. ఆ నల్లటి పొరే నాణెం వయసుకు సాక్ష్యం. అంచులు పట్టుకుని తీయండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టొద్దు.

గుమ్మంలో అక్షరం చూడండి. ముందువైపు హిజ్రీ ఏడాది, వెనక పాలన ఏడాది ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో చూడండి. సరిపోకపోతే అనుమానించాల్సిందే. 11.178 గ్రాములకు బాగా తేడా వచ్చినా అంతే.

విదేశాలకు పంపి గ్రేడింగ్ చేయిద్దాం అనుకుంటున్నారా? ఆగండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. మహబూబ్ అలీ పాషా రూపాయిలన్నీ వందేళ్లు దాటినవే.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటి. పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. రిజర్వ్ బ్యాంక్ పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది. పాత నాణేల అమ్మకాల్లో తమకు ఏ సంబంధం లేదని, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోమని తేల్చి చెప్పింది.

ఒక్కసారి చూసి రావాలనుకుంటే సైఫాబాద్ పాత మింట్‌లో 2022లో మ్యూజియం తెరిచారు. ఇంట్లో నాణేన్ని అమ్మేముందు అక్కడికి వెళ్లి రండి. నానమ్మ దాచింది ఏంటో అప్పుడు అర్థమవుతుంది.