స్టాప్‌వాచ్ దర్శకుడు కె.వి.రెడ్డి

రైళ్ల వేళలతోనే దినచర్య నడిచే ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు దర్శకుడు కదిరి వెంకటరెడ్డి పనితీరు పరిచితంగానే తోస్తుంది. చిత్రీకరణకు ముందే ప్రతి సన్నివేశపు నిడివిని ఆయన స్టాప్‌వాచ్‌తో కొలిచేవారు. ఖరారైన స్క్రిప్టును ఆపై మార్చనిచ్చేవారు కారు.

1912లో తాడిపత్రిలో జన్మించిన రెడ్డి, వాహినీ సంస్థలో క్యాషియరుగా పనిచేసి, 1943లో ‘భక్త పోతన’తో దర్శకులయ్యారు. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది.

సినిమాల్లో పొరపాట్లు వెదికే ప్రేక్షకులు 1957 నాటి ‘మాయాబజార్’లో పాండవులు లేరని పట్టుకుంటారు. నిజమే, అభిమన్యుని పెళ్లికథలో అతని తండ్రి అర్జునుడే తెరపైకి రాడు. అంత లెక్కగల మనిషి ఇది మరిచారంటే నమ్మలేం. అయిదుగురూ వచ్చి నిలిస్తే కథ జూదం వైపో, అరణ్యం వైపో మళ్లేది, పెళ్లిసందడి వెనకబడేది. అసలు శశిరేఖే వ్యాసభారతంలో లేదు. ఆ తప్పు మాత్రం ఎవరూ ఎంచరు!

రెడ్డి 1972 సెప్టెంబరు 15న కన్నుమూశారు. 2010లో ‘మాయాబజార్’ రంగుల్లో విడుదలైంది. అందులోనూ పాండవులు లేరు.